సమ్మమ్మ ఎత్తు బెల్లం

రెండేళ్లకోసారి మేడారం జాతర దగ్గరపడిందంటే వరంగల్ బెల్లం దుకాణాల్లో మనుషులను తూచేవారు. మొక్కు ఉన్నవాళ్లు కాంటా పళ్లెంలో కూర్చుంటే, రెండో పళ్లెంలో వాళ్ల ఎత్తు బెల్లం పడాలి. ఒక దుకాణంలో ఆ తూకం వేసే పని వెంకట్రాజానిది. నోటిలెక్కలో ఆయన్ని మించినవాడు ఆ బజారులోనే లేడు. కిలో మూడు రూపాయల ఇరవై పైసలు, మనిషి నలభై ఏడుకు పావు తక్కువ అనుకోండి. "నలభై ఏడుకు నూటయాభై నలభై, పావుకు ఎనభై పైసలు తీసెయ్యి, నూట నలభై తొమ్మిది అరవై" అనేవాడు. మొక్కినావిడ ఇంకా పళ్లెం దిగి ఉండేది కాదు.

ఆ లెక్కే చివరికి ఆయన ప్రాణం తోడేసింది.

భార్య సమ్మమ్మకు ప్రతి జాతరకూ ఎత్తు బెల్లం మొక్కు. డెబ్భై ఎనిమిదిలో యాభై రెండున్నర తూగింది. ఎనభైలో యాభైకి పావు తక్కువ. "ఏందే, నా ఇంట్ల తిండి సాల్తలేదా?" అని వేళాకోళమాడాడు. ఎనభై రెండులో నలభై నాలుగుంబావుకే ముల్లు నిలబడింది. అప్పుడు తగ్గింది రెండూ ముప్పావు, ఇప్పుడు ఐదున్నర. సరిగ్గా రెట్టింపు. అడగకుండానే బుర్ర ముందుకు పరుగెత్తింది: వచ్చే జాతరకు పదకొండు పోతుంది, ముప్పై మూడుంబావు మిగులుతుంది. వెంకట్రాజానికి భయం వేసింది.

దవాఖానాలు తిరిగారు, మందులు మార్చారు. ఆమె కంచంలో వదిలేసిన అన్నాన్ని ఆయన కళ్లతోనే తూచేవాడు. తన లెక్క తప్పాలని ఆయన మొక్కని దేవుడు లేడు.

ఎనభై నాలుగు జాతరకు ఆమెను రెండు చేతులా ఎత్తి పళ్లెంలో కూర్చోబెట్టాడు. చేతులకు అప్పుడే తెలిసిపోయింది. బెల్లం ముద్దలు పేరుస్తూ, కాలి బొటనవేలితో ఆమె పళ్లెం అంచు తొక్కిపట్టాడు. ఏనాడూ ఎవరికీ చేయని పని.

"నలభై నాలుగున్నర! పావు పెరిగినవ్" అన్నాడు గట్టిగా.

సమ్మమ్మ కిందికి చూసింది. "మేడారం అమ్మకాడ దొంగ తూకమా? జర కాలు తియ్యయ్యా."

తీశాడు. ఆమె పళ్లెం ఒక్కసారిగా పైకి లేచింది. వెంకట్రాజం ఒక్కో ముద్దా కిందికి దించసాగాడు. ముల్లు నిలబడేసరికి పళ్లెంలో ముప్పై మూడుంబావే మిగిలింది.

"మల్ల జాతరకు ఎంతుంటనో నీకు ఎర్కనే గదా?"

"నాకు లెక్క రాదు."

"అబద్ధం గూడ రాదు నీకు" అని ఆమె నవ్వింది.

దించిన ముద్దలను గోనెలో వేస్తూ ఆయన లెక్క కట్టకూడదనే అనుకున్నాడు. వల్ల కాలేదు. ఇరవై రెండు తీసేస్తే పదకొండుంబావు. అది నడక నేర్చే పసిబిడ్డ బరువు. పెద్ద మనిషికి ఆ తూకం లేదు.