సుభద్రత్తయ్య ఆఖరి అనౌన్స్‌మెంట్

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. ఢిల్లీలో ఒక స్కూల్లో ఏళ్ల తరబడి పిల్లలకి ఫిజిక్స్ చెప్పినదాన్ని. ఇంట్లో గిన్నెలు వాటంతటవే కదిలాయని ఎవరైనా చెబితే, ముందు కిటికీ తెరిచి ఉందా అని అడిగే రకం. కాబట్టి ఎవరినో నమ్మించాలని ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఎక్కడో ఒకచోట ఉండాలని రాస్తున్నాను.

సుభద్రత్తయ్య మా నాన్నగారి చెల్లెలు. అరవైల మొదట్లో, జెట్ విమానాలు మన దేశానికి కొత్తగా వచ్చిన రోజుల్లో, తణుకు నుంచి వెళ్లి ఎయిర్‌హోస్టెస్‌గా చేరింది. తాతయ్య చాలాకాలం ఆవిడతో మాట్లాడలేదట. బామ్మ మాత్రం, "మా పిల్ల ఆకాశంలో వడ్డన చేస్తోంది, ఎవరికొస్తుందే ఆ భాగ్యం?" అని వీధి వీధంతా చెప్పుకునేదట.

పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదులుకోవాలన్నది అప్పటి రూలు. అత్తయ్య పెళ్లే వదులుకుంది. ఎగిరే వయసు దాటాక కొత్తగా చేరిన అమ్మాయిలకి శిక్షణ ఇచ్చింది. తర్వాత ఉద్యోగం మానేసి మయూర్ విహార్‌లో ఒక సొసైటీ ఫ్లాట్లో, పై అంతస్తులో స్థిరపడింది.

తొంభైల మధ్యలో మావారికి ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. "క్వార్టర్ దొరికేదాకా నా దగ్గరే ఉండండర్రా" అంది అత్తయ్య. క్వార్టర్ దొరికింది. మేం వెళ్లలేదు. సాయంత్రం బాల్కనీలో కూర్చుని ఆవిడ కబుర్లు వింటుంటే వెళ్లాలనిపించలేదు.

విమానం ఎక్కడమంటే ఆ రోజుల్లో పెళ్లికి వెళ్లినట్టట. మగవాళ్లు సూటు వేసుకుని, ఆడవాళ్లు పట్టుచీర కట్టుకుని వచ్చేవారు. ఒక్కరు ప్రయాణమైతే ఇల్లంతా పాలం విమానాశ్రయానికి వచ్చి, మేడ మీద నిలబడి చేతులూపేది. విమానం కదిలేముందు అత్తయ్య వెండి పళ్లెంలో నిమ్మ బిళ్లలు, చెవుల్లోకి దూది పట్టుకెళ్లేది. పింగాణీ కప్పుల్లో టీ, ఇస్త్రీ చేసిన గుడ్డ రుమాళ్లు. పాత విమానాలు పళ్లు కదిలిపోయేలా ఊగేవట. జెట్ వచ్చాక బల్ల మీద రూపాయి బిళ్ల నిలబెట్టినా పడేది కాదని, అది చూసి పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టేవారని చెప్పేది. బీరూట్లో సముద్రం ఏ రంగులో ఉండేదో, రోములో వాన ఎలా పడేదో ఆవిడ నోటే విన్నాను. అప్పటికి నేను విమానం ఎక్కనే లేదు.

ఒకసారి మా తమ్ముడు హైదరాబాద్ వెళ్తుంటే పంపించడానికి ఆవిడ కూడా ఎయిర్‌పోర్టుకి వచ్చింది. మంచి కంచిపట్టు చీర కట్టుకుని మరీ బయల్దేరింది. లోపల జనం మూటల పక్కన నేల మీద కూర్చున్నారు. ఫ్లైటు ఆలస్యమట, ఎవరూ ఏమీ చెప్పడం లేదు. అత్తయ్య చిన్నబుచ్చుకుంటుందేమో అనుకున్నాను.

ఆవిడ కాసేపు చూసి, "ఇంతమందికి విమానం అందిందా! మంచిదేనే. కానీ పాపం, వీళ్లకెవరూ నమస్కారం కూడా పెట్టినట్టు లేదు" అంది. వెళ్లి తలుపు పక్కన నిలబడి, వచ్చేవాళ్లందరికీ చేతులు జోడించడం మొదలుపెట్టింది. ఒక పంజాబీ పెద్దాయన ఆగి, తలపాగా సర్దుకుని, "జీతీ రహో బేటీ" అని దీవించాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ ముఖం వెలిగిపోతూ ఉంది.

ఆ మరుసటి ఏడాది ఆవిడకి పక్షవాతం వచ్చింది. ఒకటి కాదు, చిన్న చిన్నవి వరసగా. అడుగు వేయాలంటే మనిషి సాయం కావాలి. మాట కూడబలుక్కోవడమే కష్టం. "నీళ్లు", "అమ్మడూ", "చలి", అంతే. ఇంజిన్ల హోరులో పనిచేసి చెవులు అంతకుముందే దెబ్బతిన్నాయి. దగ్గరికెళ్లి గట్టిగా అరిస్తే గానీ వినపడేది కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

మా సంగతి కూడా ఒకటి చెప్పాలి. పెళ్లయి ఎనిమిదేళ్లు. రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి తర్వాత డాక్టరమ్మ, ఇక ఆశ పెట్టుకోవద్దని నోటితో అనలేదు గానీ, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇంట్లో మేం ఆ మాటే ఎత్తడం మానేశాం.

అది ఆగస్టు. వారం రోజులు ఎడతెరిపి లేకుండా కురిసి, ఆ ఆదివారం పొద్దున తెరిపిచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముందుగదిలో అత్తయ్యని పేము కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, నేనూ మావారూ లోపల మంచం మీద నడుం వాల్చాం. ఆయన పేపర్ చదువుతున్నారు. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి.

"లేడీస్ అండ్ జెంటిల్‌మెన్."

కళ్లు తెరిచాను. గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. ఏ గోడా పట్టుకోలేదు. భుజాలు నిటారుగా, పమిట కుదురుగా, ఒక చెయ్యి వీధి తలుపు వైపు చాచి ఉంది.

"దయచేసి లేవండి. సామాను వదిలేయండి. ఇటు రండి" అంది. ఇంగ్లీషులో, తర్వాత హిందీలో, తర్వాత తెలుగులో. ఒక్క మాట తడబడలేదు. ఆ గొంతు నేనెప్పుడూ విన్నది కాదు. చిన్న వయసు గొంతు. అరుపు లేదు, కంగారు లేదు, కానీ ఎదురు చెప్పడానికి మనసొప్పని గొంతు.

మావారు నవ్వుతూ లేచారు. "పిన్నిగారికి పాత రోజులు గుర్తొచ్చినట్టున్నాయి. మాట్లాడుతున్నారు చూడు! పద, ఆవిడ సరదా ఎందుకు కాదనాలి?" అని చెప్పుల కోసం వంగారు.

"చెప్పులు వద్దు సర్" అంది అత్తయ్య. తన ఇంటి అల్లుణ్ణి సర్ అంది.

ఆయన గుమ్మం దాటబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపి, నా వైపు చూసింది. "మదర్ విత్ ఇన్‌ఫెంట్ ఫస్ట్" అంది. నేను కదలకపోయేసరికి దగ్గరికొచ్చి, మెల్లగా, "చంటిబిడ్డ తల్లి ముందు రావాలమ్మా" అంది.

మావారి ముఖంలో నవ్వు పోయింది. అత్తయ్య నా తల మీద చెయ్యి వేసి కాస్త వంచి, రెండో చెయ్యి నా నడుం చుట్టూ వేసి నడిపించింది. నెలల తరబడి చెంచా కూడా పట్టుకోలేని ఆ చేతిలో అంత పట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు.

నన్ను మెట్ల దగ్గరికి చేర్చింది. వెనకే మావారు. ఆవిడ మాత్రం వెనక్కి తిరిగి వెళ్లి, పడకగది గుమ్మంలో నిలబడి, ఆ పక్కా ఈ పక్కా చూసుకుంది, ఎవరూ మిగల్లేదని రూఢి చేసుకుంటున్నట్టు. తర్వాత నడిచి బయటికొచ్చింది.

అప్పుడు లోపల ఏదో కూలింది.

చప్పుడు నేను వర్ణించలేను. కాళ్ల కింద మెట్టు అదిరింది. వీధి గుమ్మంలోంచి తెల్లటి దుమ్ము మా మీదికి కొట్టుకొచ్చింది. కింది అంతస్తులోని ఖన్నా ఆంటీ పరిగెత్తుకొచ్చి, "హాయ్ రబ్బా! క్యా హువా బేటా? మాతాజీ ఠీక్ హై?" అని అత్తయ్య కోసం అరుస్తోంది.

దుమ్ము అణిగాక మావారు లోపలికెళ్లి చూసి వచ్చి గోడకి ఆనుకున్నారు. నేనూ చూశాను. పడకగది పైకప్పు సగం పెచ్చులతో, కాంక్రీటుతో సహా ఊడి, ఫ్యానుతో కలిసి మంచం మీద పడి ఉంది. మంచం కోళ్లు విరిగిపోయాయి. తలగడలు ఉండాల్సిన చోట తలగడలు కనపడటం లేదు.

అత్తయ్య మెట్టు మీద కూర్చుని ఉంది. వెళ్లి ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను. "నీకెలా తెలిసింది అత్తయ్యా?" అని చెవి దగ్గర గట్టిగా అడిగాను. ఆవిడ నా జుట్టులోని దుమ్ము దులుపుతూ, "చలి... అమ్మడూ, చలి" అంది. మళ్లీ ఎప్పటి అత్తయ్యే. లేవదీసి ఖన్నా ఆంటీ ఇంటికి తీసుకెళ్లడానికి ఇద్దరం కావాల్సి వచ్చింది.

ఆ హడావుడిలో మరి కొన్నాళ్లకి గానీ నేను డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. కళ్లు తిరుగుతుంటే, ఆ రోజు బెదురు వల్లనేమో అనుకున్నాను. డాక్టరమ్మ పరీక్ష చేసి, రిపోర్టు చూసి, మళ్లీ చూసి, ఈసారి చెయ్యి పట్టుకుని నవ్వింది. లెక్క చూస్తే, కప్పు పడిన ఆదివారానికే నా కడుపులో బిడ్డ ఉంది. ఆ సంగతి నాకే తెలియదు.

కప్పు సంగతి గురించి చాలా ఆలోచించాను. వానకి స్లాబు నాని, లోపల ఇనుము తుప్పుపట్టిందని చూడ్డానికొచ్చిన ఇంజినీరు చెప్పాడు. కూలేముందు కాంక్రీటు చిటపటమంటుంది, ఆవిడ విని ఉంటుంది అన్నాడు. సరిగ్గా ఆ కప్పు కిందే పడుకున్న మా ఇద్దరికీ వినపడనిది, పక్కగదిలో ఉన్న ఆవిడ చెవులకి ఎలా వినపడింది? పోనీ, నేల అదురు పాదాలకి తెలిసిందనుకుందాం. విమానం ప్రమాదంలో పడితే జనాన్ని దింపడానికి కొత్త అమ్మాయిలకి ఏళ్ల తరబడి నేర్పిన మాటలు గనక, మిగతా మాటలన్నీ పోయినా అవి ఎక్కడో లోపల మిగిలాయనుకుందాం. ఇంతవరకూ ఫిజిక్స్ టీచర్‌గా నేను ఒప్పుకోగలను. మావారూ అదే అంటారు.

"మరి చంటిబిడ్డ తల్లి అని ఎందుకంది?" అంటే మాత్రం ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లిపోతారు.

ఏప్రిల్లో మాకు ఆడపిల్ల పుట్టింది. అప్పటికి అత్తయ్య మంచం దిగడం లేదు, నన్ను కూడా గుర్తుపట్టడం లేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు పిల్లని తీసుకెళ్లి ఆవిడ పక్కన పడుకోబెట్టాను. చాలాసేపు చూసింది. పిల్ల మెడ కింద గుడ్డ సర్దింది. తర్వాత నా వైపు తిరిగి, ముక్కూ ముఖం తెలియని మనిషిని పలకరించినట్టు మర్యాదగా, మాట మాట కూడబలుక్కుంటూ అడిగింది.

"ప్రయాణం... బాగా... జరిగిందా అమ్మా?"

"చాలా బాగా జరిగిందండీ" అన్నాను. "మీరు చూసుకున్నారుగా."

ఆవిడ తలూపి, తృప్తిగా కళ్లు మూసుకుంది. ఆ వానాకాలం రాకముందే నిద్రలోనే వెళ్లిపోయింది.

ఇప్పటికీ నేను దయ్యాల్ని నమ్మను. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో మాత్రం నాకు అంతుపట్టలేదు. మా అమ్మాయికి ఆవిడ పేరే పెట్టుకున్నాం.