మిగులు వేడి ఎవరిది?

మా ఫిన్నిష్ ఊరు కుహ్మోలో తాయిమి అంటే తెలియని మనిషి లేడు. ఉంటే వాడు నిన్నగాక మొన్న పుట్టినవాడై ఉండాలి, లేదా పక్క ఊరివాడై ఉండాలి. పక్క ఊరివాళ్ళ సంగతి మనకెందుకు! పన్నెండేళ్ళ కిందట హిందూ మహాసముద్రం నడుమనున్న రోడ్రిగ్స్ దీవికి ఒంటరిగా వెళ్ళిన మనిషి, మొన్న నవంబరులో గయెతాన్ అనే మొగుణ్ణీ, మొగలాకుతో అల్లిన టోపీనీ, పెద్ద సీసా నిండా నిమ్మకాయ మిరపకాయ పచ్చడినీ వెంటేసుకుని దిగింది.

దిగిన నాటి నుంచీ ఊరంతా ఆమెను జాలిగా చూడటమే. దుకాణంలో గుడ్లు తీసుకుంటున్నా జాలే, మంచులో జారకుండా నడుస్తున్నా జాలే.

"వచ్చేశావా తాయిమీ? అక్కడ కుదర్లేదా పాపం?" అంది దుకాణం ఆవిడ.

"కుదరకపోవడమేంటి? పొద్దున బొప్పాయి గింజ ఉమ్మితే సాయంత్రానికి ఆ చెట్టుకే తాడు కట్టి బట్టలారేసేదాన్ని. ఆ గాలి ఎలాంటిదనుకున్నావ్? మా మేక ఒకసారి ఎగిరెళ్ళి పక్క కొండ మీద చర్చి ఫాదరు గారి పెరట్లో పడింది. మంచాయన. మేకను ఉంచుకుని పాలు మాత్రం మాకు పంపించేవాడు."

"మరి అంత బావుంటే ఎందుకొచ్చావు?"

"నా ఊరికి నేను రావడానికి నీకు కారణం చెప్పుకోవాలా? గుడ్లు సరిగ్గా కట్టు."

అక్కడున్నప్పుడూ ఇదే వరస, కాకపోతే తిరగేసి. దండేల మీద ఆక్టోపస్‌లు ఆరేసుకుంటున్న ఆడవాళ్ళ మధ్య కూర్చుని కుహ్మో గొప్పలు చెప్పేది. జనవరిలో తన మేనమామ ఒక తుమ్ము తుమ్మాడనీ, అది ముక్కు చివరే గడ్డకట్టి కొక్కెంలా నిలబడిందనీ, ఆయన దానికి టోపీ తగిలించుకుని ఏప్రిల్ దాకా తిరిగాడనీ. "అంత గొప్ప ఊరు వదిలేసి మా ఎండలో మాడటానికి ఎందుకొచ్చావే?" అని వాళ్ళు నవ్వితే, "మీకు చెప్పడానికి ఎవరో ఒకరు రావాలిగా!" అనేది. ఎక్కడున్నా పక్కనలేని ఊరి తరఫున వకాల్తా పుచ్చుకోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

గయెతాన్‌తో పెళ్ళి కూడా ఆ జబ్బు వల్లే జరిగింది. ఇక్కడ మా దేశంలో అడవి ఎవరి పేరనున్నా సరే, దానంతటది కాసిన పండు వంగి కోసుకున్నవాళ్ళది. అది తాతల నాటి హక్కు. కొత్తగా దీవికెళ్ళిన తాయిమి ఆ హక్కును సముద్రాలు దాటించి, ఒక కొండవాలున నిమ్మచెట్లు కనబడగానే బకెట్టు పట్టుకుని పాట పాడుకుంటూ కోయడం మొదలుపెట్టింది. తోట యజమాని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పరిగెత్తలేదు సరికదా, "ఆ పైకొమ్మ కాస్త వంచి పెట్టు, నాకందట్లేదు" అంది. ఇంత నిబ్బరంగా దొంగతనం చేసే మనిషిని పోలీసులకు అప్పగించడం కంటే పెళ్ళాడటం మేలనుకున్నాడు గయెతాన్. ఇప్పటికీ అడిగితే అదే చెబుతాడు.

ఆ నిమ్మతోట పక్కనే ఆమె సౌనా కట్టింది. ఎండకు రాళ్ళు పగిలే చోట ఆవిరి గది! "దేవుడు ఉత్త పుణ్యానికి ఉడకబెడుతుంటే నువ్వు కట్టెలు కొంటావేంటే?" అని దీవి అంతా విరగబడి నవ్వింది. అక్కడి చలికాలం జూలై. చలిగాలి మొదలవగానే నవ్విన ముసలమ్మలే మోకాళ్ళు పట్టుకుని తలుపు దగ్గరికొచ్చారు. ఆ తర్వాత శనివారం వస్తే చాలు, కొండ మీద ఉన్నవాళ్ళంతా అందులోనే. ఎవరినీ పిలిచింది లేదు, ఎవరినీ ఆపింది లేదు. చివరికి ఒక తుఫాను ఆ సౌనాను పొయ్యితో సహా ఎత్తుకుపోయింది. మడగాస్కర్‌లో ఎవరో ఇప్పటికీ అందులో స్నానం చేస్తున్నారని తాయిమి చెబుతుంది. చూసిరావడానికి మనమేమైనా వెళ్తామా!

అది పోయిన రోజే ఆమె మొగుడితో అంది: "నీ ఊళ్ళో నేను పన్నెండేళ్ళున్నా. ఇక నా ఊళ్ళో నువ్వుండు. మావాళ్ళు మాట్లాడరంటే నమ్మకు. శనివారం సాయంత్రం సౌనాలో కూర్చోబెడితే వద్దన్నా ఆపరు."

"వస్తా. ఈస్టరు దాకా చూస్తా" అన్నాడు గయెతాన్. "పిలవకుండా నేను లోపలికెళ్ళగలిగే ఇల్లు ఒక్కటి దొరికితే ఉంటా. దొరక్కపోతే తిరిగొచ్చి నా ఆక్టోపస్‌ల మధ్య పడుంటా. నువ్వు రావడం, రాకపోవడం నీ ఇష్టం."

వచ్చి ఫ్లాటులో దిగాక వారం గడిచేసరికి అతనికి అనుమానం వచ్చింది.

"ఏమే, ఈ భవనంలో మనం తప్ప ఎవరూ లేరా?"

"అందరూ ఉన్నారు. నువ్వు మెట్లు దిగిపోయేదాకా తలుపు వెనకాల నిలబడి కన్నంలోంచి చూస్తుంటారు. నువ్వెళ్ళాక వాళ్ళు బయటికొస్తారు. అది మర్యాద."

"ఎవరికి?"

ఆ మర్యాదకు తాయిమికి తెలిసిన విరుగుడు ఒకటే, శనివారం సౌనా.

ఆ భవనానికి నేలమాళిగలో ఒకటే సౌనా. ఒక్కో ఇంటికి వారంలో ఒక్కో గంట వంతు. శనివారం ఆరు గంటల వంతు ఒకప్పుడు తాయిమి తల్లిది, ఆ తర్వాత తాయిమిది. ఇప్పుడది రెండో అంతస్తు అర్వో కార్పినెన్ చేతిలో ఉంది. భవన సంఘానికి పెద్ద ఆయనే. సౌనా తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతాడు. తాయిమి అతన్ని చెత్తడబ్బాల దగ్గర పట్టుకుంది.

"నా శనివారం నాకిచ్చెయ్ అర్వో."

"వెళ్ళిపోయినవాళ్ళ వంతు ఉన్నవాళ్ళకొస్తుంది. అది పద్ధతి. మంగళవారం మూడింటికి ఖాళీ ఉంది, తీసుకో."

"మంగళవారం మధ్యాహ్నం సౌనాకి శవాన్ని తీసుకెళ్తారయ్యా, మనిషిని కాదు."

"పన్నెండేళ్ళు ఎండలో కాగొచ్చావు కదా తాయిమీ, నీకింకా ఆవిరెందుకు?"

"నువ్వు డెబ్బై ఏళ్ళు చలిలో ఉన్నావుగా, ఫ్రిజ్జు అమ్మేశావా?"

అర్వో చెత్త మూత వేసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. పద్ధతి పద్ధతే.

మంగళవారం మూడింటికి మొగుడూ పెళ్ళాం వెళ్ళి కూర్చున్నారు. పొయ్యి అప్పుడప్పుడే ఒళ్ళు విరుచుకుంటోంది. గయెతాన్ చుట్టూ చూశాడు. "మీవాళ్ళు నోరు విప్పేది ఇక్కడేనా? నాకు బకెట్టొకటే కనబడుతోంది. సరే, అదైనా పలకరిస్తుందేమో చూద్దాం." బకెట్టు కూడా కుహ్మోదే. పలకలేదు.

ఫిబ్రవరిలో అతను అలమర మీది పెట్టె దించి మంచం పక్కన తెరిచి పెట్టాడు. అందులో ఏమీ సర్దలేదు. ఖాళీగా నోరు తెరుచుకుని ఉండేదంతే. తాయిమి దాని మీద నుంచి దాటుకుంటూ తిరిగేది గానీ పక్కకు జరపమని మాత్రం అనలేదు. అంటే ఓడినట్టే కదా!

ఒక శనివారం సాయంత్రం ఆరిన బట్టలు తెచ్చుకోవడానికి నేలమాళిగకు దిగినప్పుడు తాయిమి చెయ్యి సౌనా గోడకు తగిలింది. ఎనిమిదయింది. ఆఖరి వంతువాళ్ళు వెళ్ళిపోయారు, కరెంటు పొయ్యి ఆపేశారు, లోపల ఎవరూ లేరు. కానీ గోడ వెచ్చగా ఉంది. నీళ్ళు పోసి ఆవిరి పుట్టించే పొయ్యి రాళ్ళు ఇంకా బుసబుసమంటున్నాయి. తాయిమి బట్టలు అక్కడే వదిలేసి మెట్లెక్కింది.

"టవలు తీసుకో. ఆ పచ్చడి కూడా."

పావుగంటలో అర్వో తాళం వేయడానికి దిగాడు. స్నానపు అంగీలో ఉన్నాడు, కళ్ళజోడు పెట్టుకున్నాడు. తలుపు బార్లా తెరిచాడు. పైబల్ల మీద తాయిమి మొగలాకు టోపీతో, పక్కన గయెతాన్ సాసేజి నములుతూ కనబడ్డారు.

"టైమైపోయింది. బయటికి—"

"తలుపు!" అని కేక పెట్టింది తాయిమి.

సౌనాలో ఆ ఒక్క మాట వినబడితే మావాళ్ళు ఆలోచించరు. పాస్టరైనా, కలెక్టరంతటి వాడైనా ముందు వేడి బయటికి పోకుండా తలుపేస్తాడు, ఆ తర్వాతే మిగతా ప్రపంచం. అర్వో గబుక్కున ఒక అడుగు వేసి తలుపు మూసేశాడు. మూశాక చూసుకుంటే తను లోపలివైపు ఉన్నాడు.

కళ్ళజోడు తెల్లగా మసకేసింది. ఆ మసకలోంచే గంభీరంగా అన్నాడు: "ఇది ఎవరి వంతూ కాదు."

"అందుకే వచ్చాం. అడవిలో పళ్ళు ఎవరివి అర్వో?"

"పళ్ళకీ దీనికీ—"

"ఎవరివో చెప్పు."

మా కైనూ ప్రాంతపు మనిషి దేని మీదైనా అబద్ధమాడగలడు గానీ అడవిపళ్ళ మీద ఆడలేడు. "వంగినవాళ్ళవి" అన్నాడు.

"అందరి వంతులూ అయిపోయాక ఈ వేడి దానంతటది మిగిలింది. దీన్ని నువ్వు నాటావా, నేను నాటానా? మేం వంగాం, కోసుకుంటున్నాం."

"పళ్ళు కరెంటుతో కాయవు!"

"కరెంటు నువ్వే ఆపేశావుగా."

గయెతాన్ జాలిపడి పక్కకు జరిగాడు. పన్నెండేళ్ళు పెళ్ళాం తిట్లు విని విని అతనికి ఫిన్నిష్ బాగానే పట్టుబడింది, ముఖ్యంగా ఘాటైనది. "నేనూ మొదట్లో ఇలాగే వాదించానయ్యా. లాభం లేదు. నా నిమ్మకాయలూ పోయాయి, నేనూ పోయాను. కూర్చో."

కూర్చునేవాడు కాదేమో. కానీ గయెతాన్ గరిటెతో రాళ్ళ మీద నాలుగు చుక్కలు చిలకరించాడు, చర్చిలో తీర్థం చల్లినట్టు. అర్వో తట్టుకోలేకపోయాడు.

"దాన్ని నీళ్ళు పోయడం అంటారా? ఇటివ్వు ఆ గరిటె!"

పోశాడు. ఆవిరి లేచి ముగ్గురి చెవులూ పట్టుకుని మెలిపెట్టింది. అంగీ విప్పకుండానే పైబల్ల ఎక్కి కూర్చున్నాడు. రాళ్ళతో చెబుతున్నట్టుగా అన్నాడు: "ఆ వంతు నీకెందుకివ్వలేదో తెలుసా? మా ఆవిడ పోయాక నాకు వారంలో మిగిలింది ఆ గంటే. అదీ పోతే ఏ రోజు ఏ రోజో నాకు తెలీదు."

"నీ శనివారం నువ్వే ఉంచుకో" అంది తాయిమి. "నాకు మిగులు చాలు."

"వచ్చేవారం ఎనిమిదింటికల్లా తాళం వేస్తా."

"వేసుకో. మేం లోపలుంటాం."

తాళం పడలేదు. మరో వారం మూడో అంతస్తు అమ్మగారు దువ్వెన మర్చిపోయానంటూ దిగింది. "తలుపు!" అన్న కేక విని లోపలినుంచి మూసింది. ఆ పైవారం ఆమె మొగుడు ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. మార్చి నెలాఖరుకి జనం బరువుకు పైబల్ల వంగి కింది బల్లతో వియ్యమందిందంటే అతిశయోక్తి అనుకోకండి. వంగిన బల్ల ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూసుకోవచ్చు. పచ్చడి సీసా అడుగంటింది. అర్వో మిరపకాయ ఘాటుకు ఏడుస్తూ ఇంకొంచెం వెయ్యమనేవాడు.

అయినా మంచం పక్కన పెట్టె మూతపడలేదు.

"ఇంకా ఏం కావాలి నీకు?" అంది తాయిమి. "మాట్లాడుతున్నారుగా!"

"నేలమాళిగలో మాట్లాడుతున్నారు. మెట్లెక్కగానే మళ్ళీ తలుపుల వెనక్కి పోతున్నారు. నేనడిగింది ఇల్లు. ఈస్టరు రేపే."

తాయిమి ముఖం ఎర్రబడింది. ఎనిమిది కావొస్తున్నా టవలు తీయలేదు. "పో, ఇవాళ నేను దిగను. మావాళ్ళ పరువు నేనొక్కదాన్నే మోస్తున్నానా? మోస్తే వాళ్ళే మోస్తారు, లేకపోతే నీతో పాటు నా బట్టలూ సర్దు!" అని ఫ్లాటు వీధి తలుపును మెట్ల వైపు బార్లా తెరిచి, వంటగదిలో కుర్చీ వేసుకుని చేతులు కట్టుకుని కూర్చుంది. అచ్చం దీవిలో ఇంటి తలుపు తెరిచి ఉంచినట్టు. మెట్ల మీద నుంచి చలి రయ్యిన లోపలికొచ్చింది. గయెతాన్ రెండో స్వెట్టరు వేసుకున్నాడు గానీ తలుపు జోలికి పోలేదు. అతనూ మొండివాడే.

కింద నుంచి చెప్పుల్లేని పాదాల చప్పుడు వినబడింది. అర్వో. తడి అంగీ, చేతిలో గరిటె.

"రాళ్ళు చల్లారిపోతున్నాయి, అందరూ ఎదురుచూస్తున్నారు, చచ్చారా ఏంటి మీరిద్ద... ఈ తలుపెవరు తెరిచి పెట్టారు? వేడంతా పోతోంది!"

ఒక్క అడుగు వేసి ధడాలున మూశాడు. మూశాక చూసుకుంటే తను లోపలివైపు ఉన్నాడు.

తాయిమి కుర్చీలోంచి లేవలేదు. "గయెతాన్, ఈయన్ని నువ్వు పిలిచావా?"

"లేదు."

"నేను పిలిచానా?"

"లేదు."

"మరి?"

గయెతాన్ అర్వోను కింది నుంచి పైదాకా చూశాడు. "నేనడిగింది నేను వెళ్ళే ఇల్లు. ఇక్కడ మనిషే నా ఇంటికొచ్చాడు. ఏమయ్యా అర్వో, రేపు నేను పిలవకుండా మీ ఇంటికి రావచ్చా?"

ఆ ప్రశ్న అర్వోను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "ముందు చెప్పి వస్తే—" అన్నాడు. తాయిమి కనుబొమలు లేచాయి. అర్వో గరిటెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "పదింటికి నేను కాఫీ పెడతాను. పిలవట్లేదు. పెడతానంటున్నా, అంతే. తలుపుకి గడియ వెయ్యను."

గయెతాన్ పడకగదిలోకి వెళ్ళాడు. పెట్టె మూత పడిన చప్పుడూ, అది అలమర మీదికెక్కిన చప్పుడూ వంటగదిలోకి వినబడ్డాయి. తాయిమి అప్పుడు లేచి టవలు తీసుకుంది, చాలాసేపటినుంచీ దానికోసమే చూస్తున్నట్టు.

సోమవారం దీవికి ఫోను చేసి, తమ భవనంలో జనం పిలవకుండా వచ్చీ వచ్చీ తలుపు కీళ్ళు అరిగి ఊడిపోయాయనీ, ఇప్పుడు తలుపు స్థానంలో అర్వో నిలబడుతున్నాడనీ చెప్పింది. అవతల ఆడవాళ్ళు నమ్మారో లేదో గానీ, నవ్వు మాత్రం కుహ్మో దాకా వినబడింది.

మర్నాడు దుకాణం గుమ్మంలో తలుపు పట్టుకుని నిలబడి, ఎవరో మళ్ళీ అదే జాలి ముఖంతో అడిగారు: "నిజం చెప్పు తాయిమీ, అక్కడ బావుందా, ఇక్కడ బావుందా?"

"ముందా తలుపెయ్యి" అంది తాయిమి. "లోపలికొచ్చి వెయ్యి."