పదకొండు నిమిషాల మౌనం

మా డ్రాయింగు సారు పోయారని జమ్మలమడుగు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ప్రొద్దుటూరులో మా బట్టల కొట్లో ఉన్నాను. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎందుకో మీకు చెప్పాలి.

ఆ కొట్టు మేడ మీదే ఆదివారం మధ్యాహ్నాలు ఆయన మాకు సినిమాలు చూపించేవారు. పాటల్లేవు, ఫైట్లు లేవు, తెలిసిన మొహం ఒక్కటీ ఉండదు. గోడకు తెల్ల పంచె కట్టి, ఎవరో ముసలాయన గొర్రెలు తోలుకుపోవడం అరగంట చూపించేవారు. నేను ఫోన్ తీస్తే, "యాడికప్పా తొందర? ఆయప్ప గొర్రెలింకా ఇంటికి చేరల్యా" అనేవారు. నిజంగానే అవి చేరేదాకా నాకు ఊపిరాడేది కాదు. నిదానంగా చూడడం నాకు ఆయన పెట్టిన భిక్ష.

ఆయనా ఒకటి తీశారు, పదకొండు నిమిషాలది. వాళ్లమ్మ రాట్నం ముందు కూర్చుని నేతకు నూలు కండెలు చుడుతుంటుంది, అంతే. పులివెందులలో ఒక సభలో వేశారు. మూడో నిమిషానికే ముఖ్య అతిథి, "ఏందప్పా ఇది, బొమ్మ ఇరుక్కుందా? ముందుకు జరుపు!" అని అరిచాడు. ఆపరేటరు చివరిదాకా జరిపేశాడు. ముసలమ్మ చేతులు గిరగిరా తిరిగాయి. హాలంతా నవ్వింది. సారు కూడా నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. ఆ సినిమా ఆయన మళ్లీ ఎవరికీ చూపించలేదు, నాకు కూడా.

సంతాప సభకు, ఆ రోజు ముందుకు జరపమని అరిచిన పెద్దమనిషే దండ పట్టుకుని వచ్చాడు. "సారు శానా గొప్ప కళాకారుడు" అని మైకులో అంటుంటే నా ఒళ్లు మండిపోయింది. అతను ముగించగానే మౌనం పాటిద్దామని అందర్నీ లేపాను. చాలని చెప్పేదాకా ఎవరూ కూర్చోరు కదా. సారు కూతురిచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి ఆ సినిమానే వేశాను. రిమోట్ నా చేతిలోనే ఉంచుకున్నాను.

మూడో నిమిషం దాటింది. పెద్దమనిషి కాలు మార్చాడు, వాచీ చూసుకున్నాడు, నా వైపు చూశాడు. నిలబడు, ఇంకా నిలబడు అనుకున్నాను. సారు ఉంటే ఒప్పుకునేవారు కాదు. ఆయన మంచితనం నాకు అబ్బలేదు, ఏం చేయను!

పదో నిమిషం దాటాక ముసలమ్మ రాట్నం ఆపింది. తలెత్తి, కెమెరా పట్టుకున్న కొడుకుతో అంది: "శానా సేపట్నుంచి నిలబడుకోనుండావు. కూసో నాయనా."

పెద్దమనిషి కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఒక్కొక్కరే అందరూ కూర్చున్నారు. రిమోట్ పట్టుకుని నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను.