ఈల ఆగిన అంకె

చెవిమాస్టారుకు మనుషుల మీద నమ్మకం తక్కువ. టీలో చక్కెర తగ్గినా ఎవరో కాజేశారనే అంటాడు. కాయిల్స్ చుట్టే ఆ షెడ్డులో ఆయన నమ్మేది తన బల్ల మీద కాయిల్స్ కొలిచే పాత బ్రిడ్జి పెట్టెనూ, నెత్తికి తగిలించుకునే హెడ్‌ఫోన్‌నూ మాత్రమే. కాయిల్‌ని పెట్టెకు కలిపి కరెంటు ఇస్తే చెవుల్లో సన్నగా ఈల మోగుతుంది. డయల్‌ని కింది అంకె నుంచి పైకి తిప్పుతూ పోతే ఒకచోట ఆ ఈల ఆగిపోతుంది. పెట్టెలో రెండు పక్కలూ సరితూగినట్టు లెక్క. అక్కడున్న అంకే ఆ కాయిల్ ఇండక్టెన్స్; తీగ చుట్లు ఎక్కువైతే అదీ పెరుగుతుంది. ఆ చోటు పట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు కాబట్టే ఆ పేరు.

ఈ మధ్య అంకెలన్నీ తక్కువే వస్తున్నాయి. అంటే చుట్లు తగ్గాయి. చుట్లు తగ్గాయంటే రాగితీగ ఎటో పోతోంది. చుట్టేదెవరు? సాక్షాత్తూ తన బావమరిది! సాయంత్రం వాడు సంచి భుజాన వేసుకుని నవ్వుతూ పోతుంటే మాస్టారుకు ఒళ్లు మండిపోయేది. ఉండబట్టలేక మేనేజరుకు చెప్పేశాడు.

మేనేజరు బావమరిదిని బల్ల దగ్గరికి పిలిపించాడు. "తీగ తగ్గిందని తేలితే ఇవాళ్టితో నీకు పని లేదు. మాస్టారి మాటే ఆఖరు."

వాడి మొహం పాలిపోయింది. "నా కళ్లముందే కొలిచి చూడు బావా."

మాస్టారు వాడు చుట్టిన కాయిల్‌ని పెట్టెకు కలిపి డయల్ తిప్పాడు. తక్కువ అంకె దగ్గరే ఈల ఆగింది. "చూడు, నీ ఘనకార్యం!"

బావమరిది హెడ్‌ఫోన్ లాక్కుని పెట్టుకున్నాడు. "ఆగడమేంటి, ఇంకా మోగుతుంటే!" డయల్‌ని కాస్త పైకి జరిపాడు. "ఇదిగో, ఇక్కడ ఆగింది."

అది సరిగ్గా ఉండాల్సిన అంకె. దొంగవెధవ, అంకె చూసి ఆపాడు అనుకున్నాడు మాస్టారు. అక్కడ ఈల మోగుతోందని రుజువు చేద్దామని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. మోగలేదు. వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. ఆ రెండు అంకెల మధ్య ఎక్కడా చప్పుడు లేదు. చెవి లేకపోతే ఈ బల్ల దగ్గర తనకేం పని?

"ఏమంటావు మాస్టారూ?" మేనేజరు గట్టిగా అడిగాడు.

తక్కువే అని ఒక్క మాట అంటే చాలు, తన కుర్చీ తనకుంటుంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. బావమరిది ఆయన మొహంలోకే చూస్తున్నాడు.

"కాయిల్ బాగానే ఉంది సార్. పోయింది నా చెవి."

మేనేజరు వెళ్లిపోయాడు. బావమరిది తిట్టినా పడాల్సిందేనని మాస్టారు తలొంచుకున్నాడు. వాడు పక్కకొచ్చి మెల్లగా ఏదో అన్నాడు.

"ఏమన్నావ్?"

వాడు షెడ్డంతా వినపడేలా మళ్లీ చెప్పాడు. "అక్క పిలిస్తే నువ్వు పలకడం లేదట. తన మీద కూడా అనుమానపడుతున్నావేమోనని రోజూ ఏడుస్తోంది బావా."