గోనె జడ

మా చిన్నప్పుడు సాయంత్రమైతే అమ్మ మూడు జడలు వేసేది... ఒకటి అక్కకి, ఒకటి నాకు, మూడోది గోనెకి.

బిలాస్‌పూర్‌లో రైల్వే క్వార్టరు మాది. బియ్యం అయిపోయిన గోనె సంచుల్ని అమ్మ ఉతికి ఆరబెట్టి, పొడుగు పేలికలుగా కత్తిరించి, మూడు పాయలు తీసి బిగించి అల్లేది. ఆ జడని గుండ్రంగా చుట్టుకుంటూ దబ్బనంతో, పురికొసతో కుట్టేది. ఒక వానాకాలమంతా కుడితే కాళ్ళ కింద పరుచుకునే ఒక పట్టా తయారయ్యేది.

అది నాన్న కోసం. రైలింజన్ల షెడ్‌లో డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పితే ఆయన పాదాలు నాని తెల్లగా ఉండేవి. చలికాలంలో మా సిమెంటు నేల మీద కాలు పెడితే జివ్వుమనేది. ముందు గదిలో కుర్చీ దగ్గర ఆ పట్టా మీద పాదాలు ఆన్చి, కళ్ళు మూసుకుని టీ తాగేవారు.

నేను ఆరో తరగతిలో ఉండగా మా క్లాసు పిల్ల ఒకతె ఇంటికి వచ్చింది. పట్టా చూసి, "యే తో బోరీ హై... బోరీ బిఛాతే హో తుమ్ లోగ్?" అంది. వెక్కిరించలేదు, మామూలుగానే అడిగింది. గోనె సంచి పరుచుకుంటారా అని... నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

మళ్ళీ ఆ పిల్ల వచ్చే రోజు ముందే పట్టా చుట్టి మంచం కిందకి తోసేశాను. తర్వాత తీయడం మరిచిపోయాను. నాన్న వచ్చి కుర్చీలో కూర్చుని, ఆ చల్లటి నేల మీదే పాదాలు పెట్టారు. అమ్మ వంగి మంచం కింద చూసింది.

"సిగ్గేసిందేటమ్మా?" అంది.

కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది...

ఆ తర్వాత నా స్నేహితులు వస్తున్నారంటే చాలు, నేను చెప్పకముందే అమ్మే పట్టా తీసేసేది. నేను ఒక్కసారి కూడా వద్దనలేదు. తప్పు నాదే.

నాన్న ఇప్పుడు లేరు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఇదే ఊళ్ళో, రాజ్‌కిశోర్ నగర్‌లో మా కొత్తింటికి చేత్తో అల్లిన జనపనార తివాచీ కొందామని పోయిన నెల అమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాను. కొట్టతను వరసగా పరిచి చూపిస్తున్నాడు. అమ్మ దేన్నీ పైనుంచి చూడలేదు. తిరగేసి, వెనకవైపు వేలితో తడిమింది.

"ఇది గమ్ముతో అంటించీసేరు. ఇది మిషను కుట్టు. ఇదిగో, ఇది చేత్తో కుట్టేరు... ఇది తీసుకో."

గుండ్రటిది... మూడు పాయల జడ. తెచ్చి ముందు గదిలో కుర్చీ దగ్గర పరిచాం. అమ్మ దాని మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే నా మనసు కాస్త తేలికపడింది.

మొన్న ఆదివారం మా ఆఫీసు వాళ్ళు భోజనానికి వస్తామన్నారు. వంటింట్లోంచి వచ్చి చూస్తే ముందు గది నేల బోసిగా ఉంది.

"అమ్మా, తివాచీ ఏదే?"

"మంచం కిందెట్టీసేనమ్మా. నీ ఆఫీసోళ్ళు వస్తన్నారు కదేటి..."

వంగి నేనే తీశాను. మళ్ళీ పరిచి, అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె పాదాలు దాని మీద పెట్టాను. వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాను... ఇలాంటివి మా అమ్మ గోనెలతో అల్లేదని.

అప్పటి గోనె జడ ఇప్పుడు అద్దాల కొట్లలో గొప్ప వస్తువైంది... దాని మీద ఆన్చడానికి నాన్న పాదాలే లేవు.

మీరూ చిన్నప్పుడు సిగ్గుపడి ఏదైనా దాచేశారా? కింద రాయండి... నేను రాశాను కదా.