డాక్టరు ముందు పరిచిన మార్కుల మెమోలు

నేను డిగ్రీ పాసయ్యాను! వారం రోజులుగా కనపడిన ప్రతి మనిషికీ ఈ మాట చెబుతూనే ఉన్నాను. తాండూరు స్టేషన్ బయట చాయ్ పోసే ఆయనకైతే రెండుసార్లు చెప్పానట. మా నాయిన వైపు గానీ, అమ్మ వైపు గానీ డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. అందరూ "ఎట్ల చదివినవే?" అని అడుగుతున్నారు. ఎలా చదివానో చెప్పాలంటే మాత్రం వికారాబాద్ డాక్టరు గురించి చెప్పాలి.

ఐదో సెమిస్టర్‌లో ఒక పరీక్షకు వెళ్లి, హాల్ టికెట్ నంబరు వేసి, లేచి వచ్చేశాను. జవాబులు రాక కాదు. ఊపిరి అందలేదు, చేతులు తిమ్మిరెక్కాయి, అక్కడే చచ్చిపోతాననిపించింది. ఇంట్లో కడుపునొప్పి అని చెప్పాను. ఆ తర్వాత పుస్తకం తెరిచినా అదే వరస. చివరి సెమిస్టర్ పరీక్షలతో పాటు ఆ పేపరూ మళ్లీ రాయాలి. రాయలేకపోతే డిగ్రీ లేదు. కాలేజీలో ఒక మేడం నా పరిస్థితి కనిపెట్టి, వికారాబాద్‌లో మానసిక వైద్యుడు ఉన్నాడని, ఆలస్యం చేయకుండా వెళ్లమని చెప్పింది. నాయినకు మాత్రం చదువు గురించి దిగులుగా ఉంటోందని, అంతవరకే చెప్పాను.

నాయిన నాపరాళ్ల పాలిషింగ్ దగ్గర పనిచేస్తాడు. ఆ రోజు పని మానేసి, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, నా ఫైలు చంకలో పెట్టుకుని బయలుదేరాడు. అందులో పదో తరగతి నుంచి ఉన్న మెమోలు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, నాలుగు ఫొటోలు ఉంటాయి. స్కాలర్‌షిప్‌కైనా, హాస్టల్ సీటుకైనా, ఏ సారు ముందు నిలబడినా మొదట దాన్నే ముందుకు జరపడం మాకు అలవాటు. డాక్టరు దగ్గరికి అదెందుకని అడగాలని నాకూ తోచలేదు.

రైలులో పక్కనున్నావిడ ఎక్కడికని అడిగితే నాయిన, "బిడ్డకు కండ్లు చూపెట్టనీకి" అన్నాడు.

క్లినిక్‌లో చాలాసేపు కూర్చున్నాక పిలిచారు. "చెప్పమ్మా, ఏమిటి ఇబ్బంది?" అన్నారు డాక్టరు. నేను నోరు తెరిచేలోపే నాయిన ఫైలు విప్పి బల్ల మీద పరిచాడు.

"మా బిడ్డ మస్తు తెలివిగల్లది సార్. పదిల స్కూల్ ఫస్టు. జర చూడుండ్రి."

డాక్టరు రెండు మెమోలు తిప్పి చూశారు. "భలే చదువుతోందే! తింటోందా? నిద్రపోతోందా?"

"తింటది సార్. జర ఫికర్ జేస్తది, గంతే."

"పరీక్షల టెన్షన్. అందరికీ ఉండేదే. ధైర్యంగా ఉండమ్మా." మాత్రలు రాసి, నెల తర్వాత రమ్మన్నారు. అక్కడ నేను పలికింది ఒక్కటే: "థాంక్యూ సార్."

ఆ గదిలో ఎవరో నన్ను కూర్చోబెట్టి అంతా అడుగుతారని ఎన్ని రోజులు ఎదురుచూశానో! టిఫిన్ తిన్నంత సేపు కూడా పట్టలేదు. ఇక నా జబ్బుకు మందు లేదనుకున్నాను.

తిరుగు రైలులో నాయిన మాత్రం సంతోషంగా ఉన్నాడు. "చూసినవా, సారే మెచ్చుకున్నడు. నువ్వే ఊకె పరేషాన్ అయితున్నవ్."

ఏడుపు వచ్చేసింది. "నాకు కడుపునొప్పి రాలే నాయినా. ఆ దినం పేపర్ రాయకుండనే లేసొచ్చిన. సచ్చిపోత అనిపించింది."

నాయిన నా వైపు తిరిగాడు. "గది ఆయనకెందుకు చెప్పకపోతివి?"

"నువ్వు చెప్పనిస్తివా?"

"రాళ్ల పని చేసేటోని బిడ్డ అని తీసిపారేస్తడేమోనని... నీ విలువ చెప్పిన బిడ్డా."

ఆ మాటతో నాయిన మీద కోపం దిగిపోయింది. డాక్టరు మీద మాత్రం ఉంది. మళ్లీ రానని ఖచ్చితంగా చెప్పేశాను. మాత్రలు మాత్రం మానలేదు. రోజూ పనికి పోయే ముందు నాయిన నీళ్ల గ్లాసుతో ఎదురుగా నిలబడేవాడు మరి. వారం చూసి, తనే క్లినిక్‌కు ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు. ఎత్తింది చీటీలు రాసే సిస్టర్.

"సార్‌కు ఏం చెప్పలేకపోయిన మేడం" అన్నాను.

"ఫస్టు సారి మస్తుమందికి గట్లనే అయితదమ్మా. నెల దాకా ఎందుకు, సోమారం రా. మతికొచ్చిందల్లా కాగితం మీద రాస్కో. మీ నాయినను జర బయట కూసోమను."

రాశాను. పేజీన్నర అయింది. పుస్తకం తెరిస్తే ఏమవుతుందో, ఆ రోజు హాల్లో ఏమయిందో, ఇంట్లో ఆడిన అబద్ధంతో సహా. ఈసారి ఫైలు ఇంట్లోనే ఉండిపోయింది.

డాక్టరు ఆ కాగితం రెండుసార్లు చదివారు. "ఇదంతా మొన్నెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు మార్కులు మెచ్చుకుంటున్నరు సార్. నడుమల ఖరాబ్ చేసుడెందుకని."

ఆయన పెద్దగా నవ్వారు. "నేనూ ఇంకొంచెం అడగాల్సింది" అన్నారు. అప్పుడు అడిగారు, ఒక్కొక్కటిగా. ఊపిరి అలా ఆడకపోవడం ప్రాణం తీయదని, పెరిగినట్టే పెరిగి తగ్గిపోతుందని, మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడతాయని చెప్పారు. అది వచ్చినప్పుడు లేచి పరుగెత్తకుండా మెల్లగా ఊపిరి వదలడం నేర్పారు.

బయటికొస్తే నాయిన బెంచీ మీద పక్కాయనతో, "మా బిడ్డకు పరీక్షంటే గాబర. గందుకే తోల్కొచ్చిన" అంటున్నాడు.

అంతటితో అన్నీ సాఫీ కాలేదు. ఆ పాత పేపరు రోజు ప్రశ్నపత్రం చేతికి రాగానే వేళ్లు మళ్లీ తిమ్మిరెక్కాయి. పెన్ను కింద పెట్టి, బల్ల అంచు పట్టుకున్నాను. తలుపు బార్లా తెరిచే ఉంది. పర్యవేక్షణకు వచ్చిన మేడం దగ్గరికొచ్చింది.

"ఏమైందమ్మా? బయటికి పోతవా?"

"లేదు మేడం. జర ఆగి రాస్త."

ఎంతసేపు ఊపిరి వదులుతూ కూర్చున్నానో తెలియదు. అన్నిటికంటే బాగా వచ్చిన ప్రశ్న ఆఖర్న ఉంది, దాంతోనే మొదలుపెట్టాను. ఆఖరి గంట కొట్టాక కూడా ఆపకపోతే, ఆ మేడం నా చేతి కింది నుంచి కాగితం లాక్కోవాల్సి వచ్చింది.