ఐసు తిన్న చెట్టు

మా కాండోలో, అంటే మేముండే ఫ్లాట్ల సముదాయంలో, ఈతకొలను పక్కనున్న పొగడ చెట్టును కొట్టేసి, ఆ గోతిలోనే చలిదేశపు లిండెన్ మొక్క తెచ్చి పాతారు. ఇది తప్పు. ముందు ఈ మాట అనేసి మిగతావి తర్వాత చెబుతాను. మా కమిటీతో మాట్లాడినప్పుడల్లా మిగతావాటితోనే పొద్దుపోయి అసలు మాట చెప్పకుండానే మిగిలిపోతోంది.

తోట కమిటీ పెద్ద చక్రధర్ మనవాడే. హైదరాబాదు నుంచి వచ్చి సైన్స్ పార్కులో ఉద్యోగం చేస్తున్నాడు. లిఫ్టులో కనబడితే "నమస్తే అంకుల్" అంటాడు, ఆ తర్వాత నేనేం చెప్పినా వినడు. సెలవులకి జర్మనీ వెళ్లాడట. అక్కడ పార్కుల్లో మూడంతస్తుల మేడంత ఎత్తున గోపురంలా కమ్ముకున్న లిండెన్ చెట్లనీ, తమలపాకుల్లాంటి ఆకుల్నీ, తేనె వాసనేసే పూలనీ చూసి మనసు పారేసుకున్నాడట. పారేసుకున్నవాడు అక్కడే పారేసుకుని ఊరుకోవచ్చు. మొక్కని చల్లటి పెట్టెలో పెట్టించి విమానమెక్కించి ఇక్కడికి దింపాడు.

పొగడ చేసిన నేరం పూలు రాల్చడం.

"పొద్దున వాకింగ్‌లో అందరి షూలకీ అంటుకుంటున్నాయి అంకుల్. ఇదైతే క్లాసుగా ఉంటుంది," అన్నాడు.

"చలికాలం లేని చోట అది పూస్తుందా నాయనా?"

"ఇప్పుడంతా టెక్నాలజీ అంకుల్. మిస్ట్ స్ప్రే పెట్టిస్తున్నాం."

ఇంటికొచ్చి చొక్కా విప్పితే జేబులోంచి అంతకుముందెప్పుడో ఏరుకున్న పొగడపువ్వు ఒకటి, ఎండి గోధుమరంగుకి తిరిగినది, కింద పడింది. ఎండినకొద్దీ వాసన పెరిగే పువ్వు అది. మల్లెకీ గులాబీకీ ఆ చేవ లేదు. ఆ వాసన పట్టుకుని వెనక్కి నడిస్తే నేను తేలే చోటు ఈ ద్వీపానికొచ్చి పెళ్లయిన కొత్తలో టోవా పాయో పేటలో కాపురమున్న ఫ్లాటు కూడా కాదు, ఇంకా వెనకున్న పెరాక్ సముద్రపుటొడ్డు.

పక్కదేశం మలేషియాలో ఆ ఒడ్డున ఉన్న కొబ్బరి ఎస్టేటులో పుట్టాను. మేం దాన్ని తోట అనేవాళ్లం. శ్రీకాకుళం వైపు నుంచి ఓడ మీద వచ్చిన మా తాతల కాలం నుంచీ అందరికీ అదే లోకం. ఏ వేళప్పుడు చూసినా కొబ్బరి చిప్పల్ని నిప్పు సెగన ఎండబెట్టే కొట్టాల పొగ, వానాకాలంలో ఆ పొగకి తోడు కుళ్లిన పీచు కంపు, బురదకాలవల్లో పీతల గిలగిల, సాయంత్రమైతే కూలీల లైన్లిళ్ల ముందు ఉప్పుచేప వేపుడు ఘుమఘుమ. ఇన్ని వాసనల మధ్య తెల్లవారుజామున మాత్రం ఒక గంటసేపు మరో వాసన రాజ్యం చేసేది. తోట నడిపే తెల్లదొర బంగళా వాకిట ఉన్న పొగడ చెట్టుది. మలయ్‌వాళ్లు దాన్ని తంజోంగ్ అంటారు, వాళ్ల ఆడవాళ్లూ కొప్పుల్లో పెట్టుకునేవాళ్లు.

మా నాయనమ్మ చీకటుండగానే లేచి, పళ్లకి గట్టిదనమని ఆ చెట్టు బెరడు ముక్క ఒకటి దవడన పెట్టుకుని నములుతూ, పిల్లలందర్నీ వెంటేసుకుని అక్కడికి బయలుదేరేది. పోయేనాటికి కూడా చెరుకు గడ పంటితో చీల్చి తిన్న మనిషి. నేల రాలిన పువ్వు దేవుడికి పనికిరాదంటారు గాని పారిజాతానికీ పొగడకీ ఆ నియమం లేదు, అవి రాలాకే పూజకొస్తాయి. అందుకని ఆ చెట్టు కింద నేల మా నాయనమ్మకి దేవుడి పళ్లెంతో సమానం. పెద్దవాళ్లు ముందురోజు సాయంత్రమే ఊడ్చి నీళ్లు జల్లి వచ్చేవాళ్లు. పొద్దున మేం ఒంటి కాలి మీద గెంతుతూ, పువ్వు లేని చోటు వెతుక్కుని అడుగేయాలి.

"ఓరె, కళ్లు నేవేటి? పువ్వు తొక్కీసినావు! దేవుడు నెత్తినెట్టుకునేది నువ్వు కాలికింద ఏసుకుంతావా?" అని వీపు మీద ఒక్కటి పడేది.

గుచ్చడానికి సూది కూడా అక్కర్లేదు. పువ్వు నడిమిన దేవుడే బెజ్జం పెట్టి పంపాడు, కొబ్బరి ఈనె చాలు. ఉగాదినాడు ఆ దండ దేవుడి పటానికి వేసి, కొబ్బరి నీరాతో కాచిన కొబ్బరిబెల్లమూ మామిడి లేనప్పుడు బిళింబికాయల పులుపూ కలిపిన పచ్చడి పంచేవాళ్లు. కాయల కాలంలో నారింజరంగు పొగడపళ్లు తిని, పిండిలా గొంతుకడ్డం పడి, దగ్గుతూ నవ్వుతూ నీళ్లకి పరిగెత్తేవాళ్లం.

ఆ దొరకీ ఒక ఏడాది లిండెన్ పిచ్చి పట్టింది. వాళ్ల ఊళ్లో చర్చి ముందు ఉండేదట అలాంటి చెట్టు. ఓడలో తెప్పించి బంగళాకి తూర్పున నాటించాడు. చలి లేకపోతే బతకదని ఆయనకి తెలుసు. తెలిసి ఏం చేశాడంటే, పట్నం నుంచి బంగళాకి రంపపు పొట్టులో చుట్టి లారీ మీద వచ్చే ఐసుగడ్డల్ని రోజూ సాయంత్రం పగలగొట్టించి ఆ మొక్క మొదట్లో కుప్పగా పోయించేవాడు. పోసే పని బంగళా తోట చూసే మా చిన్నాన్నది. ఐసు పోసి ఆయన అటు తిరగ్గానే ఇటు మేం దొంగచాటుగా గుప్పెడేసి ఎత్తుకొచ్చి, పొట్టు ఊదేసి, కొబ్బరిబెల్లం పాకం పోసుకుని చప్పరించేవాళ్లం. ఆ లిండెన్ వల్ల లోకంలో ఎవరికైనా మేలు జరిగిందంటే అది మా నాలుకలకే.

"సచ్చిపోయే సెట్టుకి సలెట్టి ఏటి లాభమురా?" అనేది నాయనమ్మ చిన్నాన్నతో. "ఆ ఐసేదో దొర నెత్తినెట్టు, సల్లబడతాడు."

ఆకుల అంచులు ముందు మాడాయి, తర్వాత ఆకులే రాలాయి. ఒకరోజు చిన్నాన్న ధైర్యం చేసి మలయ్‌లో "సుదా మాతీ, దొరా" అన్నాడు, చచ్చిపోయిందని. దొర వంగి, గోటితో బెరడు గీరి చూశాడు. పచ్చదనం లేదు, లోపలంతా ఎండుపుల్ల. లేచి నిలబడి పీకేయమన్నాడు. ఆ సాయంత్రం నుంచి తన పేము కుర్చీ పొగడ చెట్టు కిందకి వేయించుకున్నాడు. టీ కప్పులో పువ్వు పడితే తీసేవాడు కాదని చిన్నాన్న చెప్పేవాడు.

దొర మీద నాకు ప్రేమేమీ లేదు. మా వాళ్ల వీపులు వంచి కట్టుకున్న బంగళా అది. కానీ ఆయనకి ఇంటి మీద బెంగ ఉంది, బెంగతో తప్పు చేశాడు, చచ్చినదాన్ని చచ్చిందని ఒప్పుకున్నాడు. మా చక్రధర్‌కి ఎవరింటి మీద బెంగ? వాళ్ల అమ్మ గుచ్చిన పొగడదండ జ్ఞాపకం రాని మనిషికి, వారం రోజులు చూసిన జర్మనీ వీధి జ్ఞాపకం ఉంది. పెరటి చెట్టు మందుకి పనికిరాదనేవాళ్లు వెనకటివాళ్లు. వీళ్లకి కంటికి కూడా పనికిరావడం లేదు.

మా లిండెనూ అలాగే అంచులు మాడి, ఆకులు రాల్చి, పుల్లయి నిలబడింది. నేనూ వంగి గోటితో గీరి చూశాను. ఎండుపుల్ల. అయినా దాని ముందు పేరు చెక్కిన ఇత్తడి పలక, చుట్టూ తుంపర్లు. ఇక్కడి హాకర్ సెంటర్ తిండి అంగళ్లలో బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి, ఈ చోటు నాదని చోప్ చేసుకున్నట్టు, చచ్చిన కర్రొకటి పాతి ఆ గొయ్యిని ఆపి ఉంచారు.

ఆ గోతికి కాస్త అవతల, సైకిల్ స్టాండ్ దగ్గర ఇంకొక పొగడ ఉంది. నా మోకాళ్లు నన్ను మోసుకుపోగల దూరంలో మిగిలిన చెట్టు అదొక్కటే. పెరాక్‌లో మా తోట తీసేసి పామాయిల్ వేశారు, బంగళా లేదు, అక్కడి చెట్టూ లేదు, ఈనెకి గుచ్చడం తెలిసిన చేతులూ లేవు. పొద్దున్నే ఈ చెట్టు కింద ఒంటి కాలి మీద గెంతలేను గాని పువ్వు తొక్కకుండా ఇప్పటికీ నడుస్తాను. దోసెడు ఏరి తెచ్చి పటం ముందు పెడతాను. కమిటీకి రాశాను: లిండెన్ చచ్చింది, పీకేయండి, బాల్కనీ కుండీలో గింజ నుంచి నేను పెంచిన పొగడ మొక్క ఉంది, ఆ గోతిలో నాటండి, రెండోదాని జోలికి మాత్రం పోకండి. "లెట్ ఇట్ గో లా, తాతా," అంది మనవరాలు, ఇక్కడి ఇంగ్లీషు యాసలో. వదల్లేదు. ఉగాదికి ముందు రాస్తే దీపావళి వెళ్లాక నిన్న జవాబొచ్చింది. తెలుగులోనే రాశాడు, ఆ మర్యాద మాత్రం చేశాడు:

"నమస్తే అంకుల్. లిండెన్ చనిపోలేదు, అది శీతాకాలపు నిద్రలో ఉందని మొక్క పంపినవారు చెప్పారు. వసంతంలో చిగురిస్తుంది, ఓపిక పట్టగలరు. సైకిల్ స్టాండ్ దగ్గరి చెట్టు నీడ దాని మీద పడుతున్నందున ఆ చెట్టును వచ్చే సోమవారం తీయిస్తున్నాం. మీకు పూలు కావలసి ఉంటే ఆదివారం లోపు ఏరుకోగలరు."